అరచేతి నూనె

అత్తలేని కోడలు ఉత్తమురాలంటారు. నాకు ఆ బిరుదు దక్కే యోగం లేదు. మా అత్తగారు నిక్షేపంలా ఉన్నారు, పైగా చేతిలో స్టీలు స్కేలుతో ఉన్నారు. ముప్ఫై ఒక్క ఏళ్లు ప్రెస్సులో పుస్తకాలు బైండు చేసిన మనిషి. అక్కడ అందరూ స్కేలమ్మ అనేవారట. రిటైరైన రోజున వాళ్లు శాలువా కప్పితే, అంచులు సమంగా లేవని అక్కడికక్కడే విప్పి మళ్లీ మడత పెట్టారట. మా ఆయన ఈ సంగతి చెప్పినప్పుడు నేను నమ్మలేదు. కాపురానికి వచ్చిన నెలకే నమ్మాను.

నేను సిటీ బస్సులో కండక్టర్ని. పొద్దున్నుంచీ జనం మీద అరిచి అరిచి ఇంటికొస్తే, ఇక్కడ నేను తరిగిన బీన్సు ముక్కలు కూడా కొలతకు నిలవాలి. ఒకటి పొడుగైతే ఆవిడ ఏమీ అనరు. ఆ ఒక్క ముక్కనూ వేళ్లతో తీసి, కోసి, మళ్లీ గిన్నెలో వేస్తారు. తిట్టినా బాగుండేది. నాలుగేళ్లుగా ఆవిడ ఒక్క తప్పు చేస్తే చూడాలని కాచుకుని కూర్చున్నాను. నిజం చెప్పడానికి నాకేం మొహమాటం?

ఒక్క క్రిస్మస్ మిఠాయి విషయంలో మాత్రం నా నోటికి తాళం పడేది. పొయ్యి వెలిగించకుండా చేస్తారావిడ. ఖర్జూరాలకు గింజలు తీసి, అంజీరలకు తొడిమలు గిల్లి, ఎండు ద్రాక్ష కలిపి మెత్తగా దంచుతారు. బాదం, జీడిపప్పు, అక్రోటు మాత్రం దంచకూడదు, మిక్సీలో వెయ్యకూడదు. కత్తితో తరగాల్సిందే. అంతా కలిపి ముద్ద చేసి, అరచేతులకు చుక్క నూనె రాసుకుని, బల్లమీద కడ్డీలా చుట్టి, కాగితంలో బిగించి ఫ్రిజ్‌లో పెడతారు. గట్టిపడ్డాక వేలి మందాన బిళ్లలు కోస్తారు. కోసినచోట తెల్లటి జీడిపప్పు, నల్లటి ఖర్జూరం, మధ్యమధ్య అంజీర గింజలు ఎక్కడివక్కడ కనిపిస్తాయి. ఇంత అందమైన మిఠాయి నేను ఏ కొట్లోనూ చూడలేదు. ఈ మాట ఆవిడతో ఎన్నడూ అనలేదు, అంటే నా నెత్తికెక్కి కూర్చుంటారని.

మా అపార్టుమెంటులో పన్నెండు ఇళ్లు. మాది అన్నిటికన్నా కింద. మిగతా పదకొండు ఇళ్లకూ పదకొండు పెట్టెలు వెళ్తాయి. ఆ పెట్టెలు కూడా ఆవిడ అట్ట కోసి సొంతంగా అతికించినవే. పది ఇళ్లలో సాయంత్రానికి పెట్టె ఖాళీ. మూడో అంతస్తులోని నర్సు ఇంట్లో మాత్రం అది విప్పకుండానే గుమ్మం దాటి ఆసుపత్రికి పోతుంది.

ఆమెకు ఆరేళ్ల కూతురు. సన్నగా ఉండి, నోరు మూయకుండా కిచకిచలాడుతుంది కాబట్టి అందరం పిచ్చుక అంటాం. ఆ పిల్లకు బాదం, జీడిపప్పులాంటి పప్పులు పడవు. పడకపోవడమంటే దద్దుర్లూ దురదా కాదు, గొంతు వాచి ఊపిరాడదు. మూడేళ్లప్పుడు ఎవరో పుట్టినరోజు పార్టీలో "ఒక్క ముక్కకేం కాదులే" అని కేకు పెట్టారు. రెండు రోజులు ఆసుపత్రిలో ఉంచాల్సి వచ్చింది. అప్పటినుంచీ నర్సు ఆ పిల్లను ఎవరింట్లోనూ తిననివ్వదు, ఎవరి దగ్గరా వదలదు. బడి లేనప్పుడు డ్యూటీ పడితే వెంట తీసుకెళ్లి నర్సుల గదిలో కూర్చోబెట్టుకుంటుంది.

నిరుడు ఆ ఇంటికి పెట్టె ఇవ్వడానికి నేనే వెళ్లాను. పిచ్చుక తలుపు తీసింది. పెట్టెను ఒంటికి తగలకుండా చేతులు చాచి పట్టుకెళ్లి వాళ్లమ్మకిచ్చి, ఎవరూ చెప్పకుండానే పోయి సబ్బుతో చేతులు కడుక్కుంది. ఐదేళ్ల పిల్ల! కిందికొచ్చి ఆ మాట చెబితే మా అత్తగారు విన్నారు, ఊరుకున్నారు. ఊరుకున్నారని నేననుకున్నాను.

ఈ ఏడాది నెల ముందే మొదలుపెట్టారు. పిచ్చుకకు వేరేగా, పప్పు లేకుండా చేస్తానన్నారు. నర్సు మర్యాదగానే "వద్దు పిన్నిగారూ, మీకెందుకు శ్రమ" అంది. ఆవిడేమో తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. మళ్లీ వెళ్లారు. మళ్లీ వద్దంది. ఐదోసారికి ఇలా అన్నారు:

"అందరి చేతిలో ఉన్నది ఆ పిల్ల చేతిలో కూడా ఒక్క రోజు ఉండాలమ్మా. నువ్వే వచ్చి ప్రతీదీ చూసుకో. నీకు నచ్చకపోతే నా చేత్తోనే చెత్తలో పారేస్తాను."

దాంతో నర్సు దిగొచ్చింది. పప్పులు మా గడప తొక్కకముందే పిచ్చుక మిఠాయి చెయ్యాలని తీర్మానం. వంటింటి అరలన్నీ వేణ్ణీళ్లతో తోమించారు. ఎవరిచేతో చెప్పక్కర్లేదు. కొత్త గిన్నె, కొత్త కత్తి, కొత్త చెక్క కొన్నారు. జీడిపప్పు, బాదం బదులు గుమ్మడి గింజలు, పొద్దుతిరుగుడు గింజలు. ఏది పాడైనా మళ్లీ చెయ్యడానికి అన్నీ రెండేసి పొట్లాలు. ఆ పొట్లాలు కట్టే కంపెనీకి ఫోన్ చేసి, అదే మిషన్ మీద బాదం కూడా కడతారా, ఊడ్చే చీపురు కూడా వేరేనా అని అరగంట వాయించారు. అవతలి కుర్రాడికి జీతం చాలదనిపించింది నాకు.

ఇరవై మూడో తేదీ పొద్దున నర్సు యూనిఫాంలోనే మా వంటింట్లోకి వచ్చింది. ప్రతి పొట్లం ముందూ వెనకా చదివింది. గిన్నె వాసన చూసింది. చెక్కను వెలుగులో పెట్టి చూసింది. చివరికి "సరే పిన్నిగారూ, చెయ్యండి" అంది. సాయంత్రానికి పెట్టె పైకెళ్లింది. పిచ్చుక ఈసారి దాన్ని గుండెకు హత్తుకుంది.

"మొత్తం నాకేనా?"

"మొత్తం నీకే. పండగ పొద్దున తినాలి. అప్పటిదాకా ఆగుతావా?"

"ఆగుతా."

మర్నాడు నేను సెలవు పెట్టాను. పొద్దున్నే పప్పులు తెచ్చుకున్నాం. మధ్యాహ్నానికి తరగడం సగం అయి, మొదటి ముద్ద కూడా కలిపాం. కడ్డీ చుట్టడానికి అత్తగారు చేతులు కడుక్కుని, కిటికీలో దువ్వెన పక్కనుండే చిన్న సీసా తీసి అరచేతిలో నాలుగు చుక్కలు పోసుకున్నారు. అలాగే నిలబడిపోయారు.

"అమ్మాయ్, ఈ నూనె ఏమిటే?"

"మీ చేతి నూనె కదత్తయ్యా."

"అదేనే. దేని నూనె?"

అది బాదం నూనె. జిగురుతోనూ కాగితంతోనూ చేతులు పగిలిపోకుండా ప్రెస్సు రోజుల్లో మొదలైన అలవాటు. పెద్ద సీసాలోంచి చిన్న సీసాలోకి వంపుకుంటారు, దానిమీద పేరూ ఊరూ ఉండవు. ముద్ద అంటుకోకుండా మిఠాయి చుట్టేటప్పుడూ అదే రాసుకుంటారు. మా లెక్కలో అది వంట సామానే కాదు, చేతుల సామాను. చీపురు గురించి కూడా అడిగిన మనిషికి తన అరచేతి గురించి అడగాలని తోచలేదు. గిన్నె వాసన చూసిన నర్సుకూ తోచలేదు. పక్కనే నిలబడి చూసిన నాకూ తోచలేదు. నిన్న పిచ్చుక కోసం చేసిన కడ్డీని చుట్టింది ఆ చేతులే.

"తిని ఉండదత్తయ్యా, రేపటిదాకా ఆగుతానంది కదా," అన్నాను గబగబా. "నేను వెళ్లి పెట్టె తెచ్చేస్తాను. ఒక బిళ్ల వంకరగా తెగిందట, మార్చి ఇస్తారట అని చెబుతాను. మీ సంగతి తెలిసినవాళ్లు ఇట్టే నమ్ముతారు. వేరేది చేసిచ్చేద్దాం. ఎవరికీ తెలియదు."

ఆవిడ అప్పటికే సబ్బు రుద్దుకుంటున్నారు.

"పెట్టె వెనక్కొస్తుంది, సరేనే. నన్ను నమ్మిన ఆ తల్లికి అబద్ధం చెప్పినట్టు కాదూ? రేపు ఇంకెవరో ఇలాగే చేతికేదో రాసుకుని ఆ పిల్లకేదో పెడతారు. చేతుల సంగతి కూడా అడగాలని ఆమెకు తెలియొద్దూ?"

చేతులు తుడుచుకోకుండానే మెట్లెక్కారు. మోకాళ్ల నొప్పులతో మొదటి అంతస్తుకే రెండుసార్లు ఆగే మనిషి, ఆ రోజు మూడు అంతస్తులూ ఎక్కడా ఆగలేదు. వెనక పరిగెత్తిన నాకే ఆయాసం వచ్చింది.

నర్సు తలుపు తీసింది. ఆమె వెనక నేలమీద పిచ్చుక కూర్చుని ఉంది. ఒళ్లో పెట్టె. మూత తీసే ఉంది. వేళ్ల మధ్య ఒక బిళ్ల.

"పిచ్చుకా, వదిలెయ్!" అని అరిచాను. కిక్కిరిసిన బస్సులో వెనక సీటుదాకా వినిపించే గొంతు నాది. బిళ్ల జారి కింద పడింది.

"తినలేదు! లెక్కపెడుతున్నా అంతే!" అని పిల్ల ఏడుపందుకుంది.

అత్తగారు గుమ్మం బయటే నిలబడి, సుత్తి లేకుండా చెప్పారు.

"తప్పు నాదమ్మా. చుట్టేటప్పుడు చేతులకు నూనె రాసుకున్నాను. అది బాదం నూనె. ఇప్పుడే గుర్తొచ్చింది. ముందు పిల్లను చూడు."

నర్సు పిల్లను ఎత్తుకెళ్లి మోచేతులదాకా కడిగింది. పెదవులు చూసింది, నాలుక చూసింది, వీపుమీద చెవి ఆనించి ఊపిరి విన్నది. పావుగంట మేం గుమ్మంలోనే ఉన్నాం. అత్తగారు పెదవులు కదుపుతూ ప్రార్థించుకుంటున్నారు. పిల్లకు ఏమీ కాలేదని తేలాక నర్సు ఆ పెట్టెను కవర్లో పెట్టి, ముడి వేసి, మా చేతికిచ్చింది. "సరే పిన్నిగారూ" అంది. తలుపేసింది.

"నేను తినలేదు కదమ్మా, నా పెట్టె ఎందుకిచ్చేశావ్?" అని లోపల్నుంచి వినిపించింది. మెట్లు దిగినంతసేపూ వినిపిస్తూనే ఉంది.

నేను నాలుగేళ్లు కాచుకున్న తప్పు ఆ రోజు దొరికింది. సంతోషం మాత్రం దొరకలేదు. అత్తగారు ఆ పెట్టెను చెత్తలో వేసి, మిగిలిన బాదం తరగడానికి కూర్చున్నారు. పది ఇళ్లవాళ్లు ఏం పాపం చేశారు, అన్నట్టుంది వాలకం. ఆవిణ్ణి చూస్తూ కూర్చున్నాను. నా బస్సులో రోజుకు వెయ్యిమంది ఎక్కుతారు. టికెట్టు లేకుండా పట్టుబడినవాడు కూడా తప్పు తనదని ఒప్పుకోడు. రద్దీ అంటాడు, చిల్లర అంటాడు, నువ్వే నా దగ్గరికి రాలేదంటాడు. ఎవరూ పట్టుకోకముందే తనంతట తాను వచ్చి నా దగ్గర టికెట్టు లేదని చెప్పిన మనిషిని ఆ రోజే చూశాను. ఆ మనిషి కోడలినైనందుకు నాకు గర్వమనిపించింది. ఆ మాట అప్పుడైనా అనాల్సింది.

నాలుగింటికి తలుపు చప్పుడైంది. నర్సు, యూనిఫాంలో. చెయ్యి పట్టుకుని పిచ్చుక, ఏడ్చి ఉబ్బిన కళ్లతో. ఇద్దరూ గుమ్మానికి రెండడుగుల అవతలే ఆగారు. లోపల బల్లమీద పప్పులు కుప్పలుగా ఉన్నాయి మరి.

"ఐదింటికి నాకు డ్యూటీ పిన్నిగారూ. రాత్రి తొమ్మిదికల్లా వచ్చేస్తాను," అంది నర్సు. సంచిలోంచి తాళంచెవి, ఒక చిన్న జిప్పు పర్సు తీసింది. "నిన్న విప్పని పొట్లాలు మిగిలాయి కదా, అవి తీసుకుని మా ఇంటికి రండి. తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని రండి. గిన్నెలు మావే, నూనె మాదే. పిల్లా మీరూ కలిసి చేసుకోండి. ఈ పర్సులో పెన్నులాంటి సూది ఉంది. ఎప్పుడైనా పిల్లకు గొంతు వాస్తే తొడమీద ఎలా పొడవాలో పైన చూపిస్తాను."

అత్తగారు లేచి నిలబడ్డారు. చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నారు.

"ఇంత పని చేసినదాన్ని. నా దగ్గరా వదులుతావు?"

"ఏం కాదులే అన్నవాళ్లను చాలామందిని చూశాను పిన్నిగారూ," అంది నర్సు. "ఏమైనా అవుతుందేమోనని మూడంతస్తులు ఎక్కి వచ్చింది మీరొక్కరే. మీ దగ్గర కాక ఇంకెవరి దగ్గర వదలను?"

అత్తగారి కళ్లు నిండి, నీళ్లు చెంపల మీదికి కారాయి. ఆవిడ ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి. వేళ్లకు బాదం పొడి ఉంది కనక తుడుచుకోలేదు. పిచ్చుక వాళ్లమ్మ చెయ్యి విడిపించుకుని ఒకడుగు ముందుకు వేసింది. అత్తగారు గబుక్కున వెనక్కి జరిగారు.

"అక్కడే ఉండు తల్లీ, దగ్గరికి రాకు."

పిచ్చుక ఆగిపోయింది. ఒక్క క్షణం ఆవిడ ముఖం చూసింది.

"అయితే తొందరగా స్నానం చేసి రా, అమ్మమ్మా. అప్పుడు నేనే తుడుస్తా."