నాలుగో రాయి

సోఫియా నర్సమ్మకి కోపం ముక్కు మీదే ఉంటుందని ముంచింగిపుట్టు వైపు అందరూ అనేవారు. ఆ సోఫియాని నేనే. అన్నవాళ్లది తప్పేమీ కాదు.

1997లో ఉద్యోగంలో చేరాను. నెలకోసారి ఐస్ పెట్టిన టీకా డబ్బా భుజాన వేసుకుని కొండ మీది ఊళ్లకి ఎక్కాలి. అన్నిటికన్నా పైనున్న ఊరికి రెండు గంటల దారి. నేను ఎక్కడా కూర్చోకుండా గంటంపావులో ఎక్కేసేదాన్ని. పట్టుదలంటే అదేనని మిషన్ స్కూలు మాస్టారైన మా నాన్న విల్సన్ చిన్నప్పటి నుంచీ నూరిపోశాడు. తీరా వెళ్లేసరికి తల్లులు పిల్లల్ని ఎత్తుకుపోయి తలుపులు వేసుకునేవారు. ఆయాసంతో, ఒళ్లుమంటతో తలుపులు బాది, నోటికొచ్చినట్టు తిట్టి దిగి వచ్చేదాన్ని. అయిదు నెలలు ఇదే వరస. ఇంతలో కింది ఊళ్లో తట్టు వచ్చి ఇద్దరు పిల్లలు పోయారు. ఇంక నావల్ల కాదని రాజీనామా రాసి సంచిలో పెట్టుకున్నాను. ఆరోసారి కూడా ఇంతే అయితే మర్నాడు డాక్టరు గారి బల్ల మీద పెట్టేద్దామనుకున్నాను.

ఆరోసారి దారిలో సోములమ్మ కలిసింది. ఆ పై ఊరి మనిషే. సంతలో ఉప్పు కొనుక్కుని, బుట్ట నెత్తిన పెట్టుకుని వెళ్తోంది. మొదటి మలుపులో బల్లపరుపు రాయి రాగానే బుట్ట దించి కూర్చుంది. ఆవిడకింకా చెమటైనా పట్టలేదు. నేను దాటిపోబోతే చెయ్యి పట్టుకుని ఆపింది. ఐస్ కరిగిపోతుందని విసుక్కున్నాను.

"కూసో నర్సమ్మా. ఈ రాళ్ల కాడ కూసోకుండా వొచ్చేది సావు కబురు తెచ్చినోలే. నాలుగో రాయి మా ఊర్లోకి అగుపడతాది. నువ్వేమో ఆగకుండా వొచ్చేత్తావు. నిన్ను సూసి మా వోలు గుంటల్ని దాసేత్తన్నారు."

అయిదు నెలలూ ఆ ఊరికి నేను చావు కబురులా వెళ్లానన్నమాట. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

ఆ రోజు నాలుగు రాళ్ల మీదా కూర్చున్నాను. నాలుగో దాని మీద సోములమ్మ తీరిగ్గా వక్క నములుతుంటే, గడియారం చూడకుండా చేతులు ఒళ్లో నొక్కిపెట్టుకున్నాను. ఊళ్లో తలుపులు తీసే ఉన్నాయి. ఆయాసం లేనందుకేమో, నా గొంతూ లేవలేదు. పదకొండు మందికి సూదులు వేశాను. డబ్బాలో ఐస్ ఇంకా సగం ఉంది. రాజీనామా కాగితం వెనకే వాళ్ల పేర్లు రాసుకున్నాను.

నాతో చేరినవాళ్లు ఒక్కొక్కరే మైదానానికి బదిలీ చేయించుకుని పోయారు. నేను ఉండిపోయాను. నేనేమంత గొప్పదాన్ని కాదు. దారిలో కూర్చోవడం నేర్చుకున్నాను, అంతే.

2008 వానల్లో సోములమ్మకి జ్వరం ముదిరితే డోలీలో దించి మా ఆసుపత్రిలో చేర్చారు. రెండోరోజు పొద్దున్న నా చేతుల్లోనే పోయింది. తోడున్న కొడుకు సుక్రు తల్లిని వదిలి కదలనన్నాడు. కబురు నేనే తీసుకెళ్తానన్నాను.

మొదటి రాయి దాటాను. రెండోదీ, మూడోదీ దాటాను. నాలుగో రాయి దగ్గర కాళ్లు ఆగాయి. కూర్చుంటే ఆ ఊళ్లో సోములమ్మ ఇంకో కాసేపు బతికే ఉంటుంది. కానీ కూర్చోలేదు. వాకిట్లో చోళ్లు చెరుగుతున్న ఆవిడ కూతురు రమణి తలెత్తి నన్ను చూసింది. చేట కింద పెట్టేసింది. నేను దగ్గరికి వెళ్లేసరికే ఏడుస్తోంది.

పై నెల మళ్లీ డబ్బా వేసుకుని బయల్దేరాను. నాలుగు రాళ్ల మీదా ఆగాను. నాలుగో దాని మీద, రమణి నన్ను చూసేదాకా కూర్చున్నాను.