తీసేసినా తగ్గని డిస్కు

"నీ కుప్పంతా తీసేసినాను రంజనీ. ఐనా ఎడం రాలేదు చూడు!"

భర్త వసంతకుమార్ చేయి కడుక్కుంటూ అన్న మాట అది. శివరంజని పెనం మీద తన వంతు దోసె వేసుకుంటోంది. కుప్ప అంటే వాళ్లింటి తెలుగులో చెత్త, ఎడం అంటే చోటు. ఆ చెత్త ఏదో ఆమెకు అర్థం కావడానికి దోసె ఒకవైపు మాడేంత సేపు పట్టింది. కంప్యూటర్లో తన పేరుతో పెట్టుకున్న ఫోల్డరు. వేరుశెనగ మిఠాయి పొట్లం మీదికి గీసిన పిచ్చుక, అగ్గిపెట్టె మీదికి గీసిన పత్తికాయ, ఎవరూ అడగకపోయినా గీసుకున్న జొన్నకంకులు, కందికాయలు. పెళ్లయినప్పటి నుంచి, మధ్యాహ్నం గిన్నెలు కడిగాక దొరికే కాస్త వెలుగులో గీసినవన్నీ అందులోనే ఉన్నాయి.

"నన్నొక మాట అడిగిండొచ్చు కదా మామా."

"దేనికి అడగను? అవి ఎవరైనా ఆర్డరిచ్చినవా? అణ్ణాచ్చి క్యాలెండరు సేవ్ కాలేదంటే అడ్వాన్సు వెనక్కి అడుగుతాడు. నేను ముందు పోతాను, నువ్వు మిషను ఒగసారి ఆపి మళ్లీ పెట్టు. ఎడం వచ్చినంక క్యాలెండరు సేవ్ చేసి నా ఫోనుకు పంపు." చెప్పులు తొడుక్కుని విరుదునగర్ బస్సుకు వెళ్లిపోయాడు. అక్కడి నూనె కొట్టు యజమాని అణ్ణాచ్చికి మధ్యాహ్నంలోపు నమూనా చూపించాలి.

కోవిల్‌పట్టిలో వాళ్లది ఇంటి ముందుగదిలోనే నడిచే దుకాణం. గోడ క్యాలెండర్లు, పెళ్లి పత్రికలు తయారుచేసి శివకాశికి అచ్చుకు పంపుతారు. బోర్డు మీద వసంతకుమార్ పేరుంది. గీసేది, రంగులు సరిచూసేది, అక్షరాలు దిద్దేది రంజని. వచ్చినవాళ్లకు టీ తెచ్చేదీ ఆమే కాబట్టి, ఆమె గీసేదన్న సంగతి ఎవరికీ తట్టేది కాదు.

ఆమె పొయ్యి ఆపి ముందుగదిలోకి వెళ్లింది. భర్తకు తెలియని సంగతి ఒకటుంది. విరుదునగర్‌లో పప్పులకు, మసాలాలకు సంచులు అచ్చువేసే ఒక కంపెనీ బొమ్మలు గీసేవాళ్లు కావాలంది. నమూనాలు ఇవాళ మధ్యాహ్నంలోపు తమ సర్వరుకు చేరాలంది. తెల్లవారగానే, పాలు కాచకముందే, రంజని తన బొమ్మలన్నిటినీ ఒకే ఫైలు మూటగా కట్టి, కంప్యూటర్లో కమాండ్లు కొట్టే నల్ల కిటికీలోంచి పంపడం మొదలుపెట్టింది. బరువైన మూట, నత్తలాంటి ఇంటర్నెట్టు. ఆ కిటికీని కిందికి దించి దోసెలు పోయడానికి వెళ్లింది. ఆయన తీసేసిన ఫోల్డరులో బొమ్మలతో పాటు ఆ మూట కూడా ఉంది.

ఏడవాలనే కుర్చీలో కూర్చుంది. కిటికీ పైకి తెచ్చి చూస్తే, ఎంత పంపిందో చూపే గీత ఇంకా జరుగుతూనే ఉంది. ఆగి ఉండాలి కదా? లేని దాన్ని ఈ మిషను ఎక్కణ్నుంచి పంపుతోంది? ఏడుపు చోటులో ఆసక్తి పుట్టింది.

డిస్కు ఎంత నిండిందో చెప్పే కమాండు కొట్టింది. దాదాపు నిండే ఉంది, విడి బొమ్మలు పోయిన చోటు క్యాలెండరుకు చాలదు. ఏ ఫోల్డరు ఎంత చోటు పట్టిందో చెప్పే రెండో కమాండు కొట్టింది. వరుసలు వచ్చి నిలిచాయి. అన్నీ కలిపి చూస్తే డిస్కు చెప్పినంత రాలేదు. తేడా సుమారు ఆమె మూట అంత ఉంది.

"ఏమి పాపా, పొయ్యి ఆపేసి ఇక్కడొచ్చి కూర్చున్నావు?" చిన్నుల్లిపాయల చేటతో వచ్చింది అత్త పాపమ్మాళ్. రంజనికి సొంత మేనత్త.

"ఏది ఎంత ఎడం పట్టిండాదో చూస్తాండాను అత్తా."

"నీకేటికి అది?"

ఈ ఇంట్లో ఏది అడిగినా మొదట వచ్చేది ఈ మాటే. నాన్న పొలం అన్నయ్య పేరుకే ఎందుకు రాశారని అడిగితే నీకేటికి. అణ్ణాచ్చి ఏ రంగు వద్దన్నాడు, ఎందుకు వద్దన్నాడు అంటే నీకేటికి, చెప్పింది గీయి. కోపంతో కూడా కాదు, పక్కన ఉన్న ఈగను తోలినట్టు అనేవాళ్లు. బహుశా అందుకే ఆమెకు ఈ నల్ల కిటికీ అంటే ఇష్టం. ఏం అడిగినా, ఎందుకని ఎదురు అడగకుండా, తెలిసినంతా చెబుతుంది. సందేహం ఉంటే ఆ కమాండు గురించి దాన్నే అడగొచ్చు, ఎన్నిసార్లు అడిగినా విసుక్కోదు.

మళ్లీ అడిగింది. ఏ ఫైలును ఏ ప్రోగ్రాం తెరిచి పట్టుకుని ఉంది? జవాబు వచ్చింది. ఆమె మూట పేరు, పక్కనే తీసివేయబడింది అన్న మాట, దాన్ని పట్టుకుని ఉన్నదేమో ఆ పంపే ప్రోగ్రామే. గంటకు పైగా చదివాక అర్థమైంది. తీసేస్తే ఫైలుకు పోయేది పేరు మాత్రమే. ఎవరో ఒకరు దాన్ని తెరిచి పట్టుకున్నంతసేపు అది తన చోటులో తాను ఉంటుంది. మిషను ఆపి పెడితే ఆ పట్టు వదులుతుంది. అప్పుడు డిస్కులో చోటు వస్తుంది, ఆమె బొమ్మలు పోతాయి.

ఫోను మోగింది. "ఆపి పెట్టినావా? అణ్ణాచ్చి కొట్టు వాకిట్లో నిలబడిండాను."

"ఆపను మామా. వేరే దారి చూస్తాండాను."

"దారేమి చూసేది, బటను నొక్కేదానికి?"

"కొంచెం సేపు ఇవ్వండి" అని పెట్టేసింది. ఇన్నేళ్లలో ఆయన మాట ముగియకముందే ఫోను పెట్టడం ఇదే మొదలు. చోటు కావాలి, ఆపకుండా కావాలి. ఇందాకటి వరుసలను మళ్లీ చూసింది. ఒక్కొక్క ఫోల్డరు తెరుస్తుంటే నవ్వొచ్చింది.

"ఏమి నవ్వుతాండావు?" పాపమ్మాళ్ తల వంచి చూసింది. "అదేమి, అన్నీ మురుగనేనా?"

"ఒగ మురుగనే అత్తా. కొట్టుకొకసారి వచ్చి కూర్చుండాడు."

క్యాలెండర్లన్నిటికీ పైన ఉండేది అదే వేలాయుధం పట్టిన మురుగన్, అంటే సుబ్రహ్మణ్యస్వామి; మారేది కింద కొట్టు పేరు. వసంతకుమార్ కొట్టుకొక ఫోల్డరు చేసి, ప్రతిదానిలో ఆ పెద్ద బొమ్మను మళ్లీ పెట్టేవాడు. పాతవి తీసేవాడు కాదు. సామి బొమ్మ ఉన్న క్యాలెండరును చెత్తలో వేయకూడదని వంటింటి తలుపు వెనక ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి తగిలిస్తారే, అదే ఆచారాన్ని ఆయన డిస్కులోకీ తెచ్చాడు. తీయడానికి ఆయనకు చేయి వచ్చింది పిచ్చుక మీద, పత్తికాయ మీదే.

"దీంట్లో నీది ఏది?" అని అడిగింది పాపమ్మాళ్.

"లేదత్తా. మామ తీసేసినాడు. ఐతే ఇంగా పోతాండాది, విరుదునగర్‌కు." కంపెనీ సంగతి చెప్పింది. పాపమ్మాళ్ ఒక ఉల్లిపాయ ఒలిచి చేటలో వేసింది.

"వానికి చెప్పినావా?"

"చెప్పలేదు."

"మంచిదే. చెప్పిండావంటే నిన్ననే నీ బొమ్మలు పోయిండును."

రంజని ఆమె ముఖంలోకి చూసింది. అక్కడ కోపం లేదు. "సామివి ఒగటి పెట్టుకుని మిగతావి తీసేస్తాను. పాపమా అత్తా?"

"కళుగుమల గుడిలో మురుగన్ ఒగడే కదా ఉండాడు! మనమే కొండ దగ్గరికి పోతాము. వాడేమైనా ఇంటింటికీ వచ్చి పడుకుంటాడా?" అంది పాపమ్మాళ్. అయినా ఎందుకైనా మంచిదని ఉల్లి చేతులతోనే రెండు చెంపలూ వేసుకుంది.

ఒక్క మురుగన్‌ను ఉంచి, క్యాలెండర్లన్నీ ఆ ఒక్కడినే చూసేలా దారి పెట్టి, రంజని మిగతావన్నీ తీసేసింది. డిస్కులో చోటు పరుచుకుంది. అణ్ణాచ్చి క్యాలెండరు సేవ్ అయింది, ఫోనుకు వెళ్లింది. అత్త లేచి మాడిన దోసె పారేసి కొత్తది పోసి తెచ్చింది. రంజని తింటూ గీతనే చూసింది. అది చివరికి చేరి నిలిచింది. అందినట్టు విరుదునగర్ నుంచి ఒక పంక్తి వచ్చింది. పట్టుకున్న ఫైళ్ల జాబితా మళ్లీ అడిగితే ఆమె మూట అందులో లేదు. ఈ ఇంట్లో దాని చోటు ఇప్పుడే నిజంగా ఖాళీ అయింది. బాధ కలుగుతుందేమోనని కాసేపు వేచి చూసింది. కలగలేదు.

మళ్లీ ఫోను. "వచ్చింది రంజనీ, అణ్ణాచ్చికి నచ్చింది. నేను చెప్పలేదా, ఆపి పెడితే ఎడం వస్తుందని?"

"ఆపలేదు మామా. సామిని తీసినాను."

అవతల బస్సు హారన్ల మధ్య ఆయన గొంతు పెంచాడు. "ఏమి తీసినావు?"

"ఒగడిని పెట్టి, మిగతావి తీసినాను. నా బొమ్మలు మీరుండే ఊరికి వచ్చేసినాయి, అక్కడొక కంపెనీకి. ఇంగ వాటిని తీసేదానికి మీ చెయ్యి అందదు. వాళ్లు పిలిస్తే నేనూ బస్సెక్కుతాను."