నడుమ పలికే పేరు

నేను ఒక చిల్లుల గరిటెను. పెళ్లి వంటల్లో బూందీ దూసే పెద్ద ఇత్తడి గరిటెను. రెండు అరచేతులు పక్కపక్కన పరిచినంత తల, మోచేయి దాటే కాడ నాకున్నాయి.

ఇత్తడి పనికి పేరుపడ్డ బుడితిలో ఒక కంచరి ఇంట పుట్టాను. ఆయన ఉలి పెట్టి ఒక్కో చిల్లూ కొడుతుంటే, ఆయన భార్య పక్కనే కూర్చుని ప్రతి చిల్లులోనూ జొన్న గింజ వేసి చూసేది. గింజ జారితే సరే, ఇరుక్కుంటే మళ్లీ సుత్తి దెబ్బే. అందుకే నా చిల్లులన్నీ ఒకటే కొలత. అంచున పడిన పిండికీ నడుమ పడిన పిండికీ నేను తేడా చూపించను. మనుషుల తలలు కూడా ఇలాగే ఉంటాయని చాలాకాలం అనుకున్నాను.

నన్ను కొన్నది ఒక మనిషి కాదు, ఒక ఊరు. గెడ్డవలసలో ఎవరింట పెళ్లయినా వంట సామాను ఊరుమ్మడిదే. రామమందిరం పక్కనున్న కొట్టుగదిలో మేమంతా ఉండేవాళ్లం. ఆ గది తాళంచెవి గున్నమ్మ మొలలో ఉండేది. ఆమెకు భర్త పోయాడు, పిల్లలు లేరు. ఊళ్లో ఎవరింట శుభకార్యమైనా మొదటి పిలుపు మాత్రం ఆమెకే. తాళంచెవి గలగలమంటే పెళ్లి ఖాయమైనట్టే అనేవారు.

సామాను బయటికి వెళ్లేటప్పుడు గున్నమ్మ గడపలో నిలబడి మా పేర్లు పాడినట్టు చెప్పేది. తీసుకెళ్లే ఇంటి ఇల్లాలు ప్రతి పేరుకూ "ఉన్నాది" అనాలి. తిరిగొచ్చినప్పుడు కూడా అంతే. గంగాళం, గుండిగ, డేగిసా, సిబ్బి, చిల్లుల గరిటె, కత్తిపీట, మూకుడు, బకెట్టు, తెడ్డు. ఇదీ మా వరస. సిబ్బి అంటే అన్నం గంజి వార్చేది. ఎవరు పెట్టారో తెలియదు, ఆమె అత్తగారి నాటినుంచీ అలాగే ఉంది.

ఒకసారి బడి మాస్టారు, "కాగితం మీద రాసి గోడకు అంటించుకోవచ్చు కదా గున్నమ్మా" అన్నాడు.

"కాయితం పెడితే అదొక సామానైపోద్ది బాబూ. దాన్నెవులు గుర్తెట్టుకుంటారు?" అంది ఆమె.

అయితే నాకొక దురదృష్టం పట్టుకుంది. పెళ్లి అయిపోయి అందరూ అలసిపోయి సామాను అప్పగించే వేళకు గున్నమ్మ నోట నా పేరు జారిపోయేది. పిలవని పేరుకు పలికేవాళ్లుండరు కదా, నేను ఆ ఇంట్లోనే మిగిలిపోయేదాన్ని. అలా ఊరంతా చూశాను. ఒక ఇంట్లో నాతో వంగ నారుకు నీళ్లు చిలకరించారు. ఒక ఇంట్లో గోడకు పూసే ఇసుక జల్లించారు. ఇంకో ఇంట్లో పసిపాప ముఖం మీద నన్ను ఎండకు అడ్డంపెట్టి చుక్కల నీడలు ఆడించారు. నిజం చెప్పొద్దూ, ఆ పని నాకు బాగా నచ్చింది. నెలలు గడిచాక ఎవరో చూసి, "ఓలమ్మ, ఇది ఊరి గరిటె కాదేటి" అంటే మళ్లీ కొట్టుగదికి చేరేదాన్ని.

మొదట్లో అందరూ నవ్వారు. తర్వాత నవ్వు తగ్గింది. ఒక పెళ్లికి నేను దొరకక లడ్డూలే లేకుండా పోయాయి. మగపెళ్లివారు ఆ మాట ఊరూరా చెప్పుకున్నారు. అప్పటినుంచి గున్నమ్మ వెనక గుసగుసలు మొదలయ్యాయి. ముసల్దానికి మతి పోతోందన్నారు.

ఆ మాట ఆమె కూడా అనుకుంటోందని నాకు మాత్రమే తెలుసు. కొట్టుగదిలో చింతపండుతో నన్ను తోముతూ ఒక్కతే మాట్లాడుకునేది. "మాయమ్మకీ ఇలగే మొదలైనాది. సివరికి కన్న పిల్లల పేర్లడిగితే అందర్నీ సెప్పి నన్నొగ్గీసింది. తలకాడ కూకుని గంజి పోసింది నాను. నా పేరే నేదు." అలా అంటున్నప్పుడు ఆమె చేయి ఆగిపోయేది. తల్లి తనను ప్రేమించలేదేమోనన్న బాధ ఒకటి, తల్లిలాగే తానూ అయిపోతోందన్న భయం ఒకటి. రెండూ ఆ ఆగిన చేతిలో నాకు తగిలేవి.

చివరికి ఊరి పెద్ద తవిటినాయుడు ఇంట పెళ్లి వచ్చింది. ముందురోజు మధ్యాహ్నం పందిట్లో ఆడవాళ్లు వంకాయలు తరుగుతున్నారు. మిగతా సామాను పందిట్లో ఒక మూల బోర్లించి ఉంది, నేనూ ఉన్నాను. తవిటినాయుడు వచ్చి గున్నమ్మ ఎదుట నిలబడ్డాడు. మంచి మనిషి, అందుకే ఆ మాట అనడానికి చాలాసేపు మీసం సవరించుకున్నాడు.

"అత్తా, ఇంక నీకు పెద్దతనం వొచ్చీసింది. తాళంచెవి సన్యాసమ్మకి ఒప్పసెప్పీ. నువ్వు కుర్సీలో కూకుని సూసుకో, సాలు."

పందిట్లో కత్తుల చప్పుడు ఆగింది. గున్నమ్మ మొలలోంచి తాళంచెవి తీసి సన్యాసమ్మ ముందు పెట్టింది. వంకాయలు తరుగుతున్నవాళ్లలో ఒకతైన సన్యాసమ్మ ఆమె కంటే పదేళ్లు చిన్నది, నోరున్న మనిషి.

"తాళమొక్కటే కాదమ్మా, వరస కూడా పట్టుకోవాల. ఒక్కపాలి సెప్తాను, విను" అంది గున్నమ్మ. వరసంతా తప్పకుండా చెప్పింది.

"ఇదేటి పెద్ద పనా వొదినా!" అంది సన్యాసమ్మ, చేతిలో వంకాయ ఆపకుండానే. "గంగాళం, గుండిగ, డేగిసా..." అంటూ గడగడా మొదలుపెట్టింది. ఒక్క క్షణం ఆగింది. "చిల్లుల గరిటె! అది మర్సిపోతే ఇంకేటున్నాది!" అంది. అందరూ నవ్వారు. "మరింకా... మూకుడు, బకెట్టు, తెడ్డు. అయిపోనాది."

"సిబ్బి?" అంది గున్నమ్మ.

"ఓలమ్మ, సిబ్బి!"

"మరి కత్తిపీటో?"

"కత్తిపీటెక్కడ సెప్పినావు నువ్వు?"

పెళ్లికూతురు పకపకా నవ్వింది. "పిన్నీ, దానిమీదే కూకున్నావు!"

నిజమే. సన్యాసమ్మ కత్తిపీట మీద కూర్చునే, దాని అలుగుకే వంకాయలు ఆనించి తరుగుతూ, దాని పేరే మరిచిపోయింది. పందిరంతా గొల్లుమంది. ఆమె ఉడుక్కుని, "అయితే మీరు సెప్పండి సూద్దుం!" అంది.

అప్పుడు మొదలైంది ఆట. పెళ్లికూతురు చెప్పింది. ఆమె మేనత్త చెప్పింది. గంగాళాన్ని ఎవరూ వదల్లేదు, తెడ్డునూ ఎవరూ వదల్లేదు. గొడవంతా నా గురించే కనుక నన్నూ పట్టుకున్నారు. నాకు అటూ ఇటూ ఉన్న సిబ్బీ కత్తిపీటా మాత్రం అందరి నోళ్లలోంచీ జారిపోయాయి. "తప్పుకోండి" అంటూ తవిటినాయుడే అందుకున్నాడు. గుండిగ దాకా సింహంలా వెళ్లి, నడుమ తడబడి, తెడ్డు దగ్గర మళ్లీ సింహమయ్యాడు. పెళ్లికూతురు వరస మార్చి, సిబ్బిని మొదట, కత్తిపీటను చివర పెట్టి చెప్పించింది. ఈసారి ఆ రెండూ అందరికీ గుర్తున్నాయి. నడుమకు వెళ్లిన మూకుడు కనబడకుండా పోయింది.

నవ్వులు మెల్లగా తగ్గాయి. ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ముసలివాళ్లవీ పడుచువాళ్లవీ ఇన్ని తలలున్నాయి కదా, అన్నీ ఒకే చోట ఖాళీ అవుతున్నాయి! నాకైతే ఒళ్లు జలదరించింది. ఏ కంచరి చేశాడో ఈ తలల్ని, అంచులు అంత గట్టిగా, నడుమ ఇంత వదులుగా. అది కూడా అందరికీ ఒకే కొలత.

గున్నమ్మ ముఖం పాలిపోయింది. పెదవులు కదిలాయి. ఏవో పేర్లు అనుకుంటోంది.

"ఏటి వొదినా?" అంది సన్యాసమ్మ భయంగా.

"మేం ఏడుగురం" అంది గున్నమ్మ. "అప్పలసూరి, లచ్చుమమ్మ, పైడయ్య, నాను, సింహాద్రి, నూకయ్య, బుల్లెమ్మ. నాను నడుమదాన్ని." తాళంచెవి లేని మొల తడుముకుంది. "మాయమ్మ నన్ను మర్సిపోనాదని ఇన్నేళ్లూ ఏడిసినాను. తలకాడే కూకున్నాను గదా, ఎలగ మర్సిపోనాదీ అని."

సన్యాసమ్మ తను కూర్చున్న కత్తిపీట వైపు చూసుకుంది. మెల్లగా లేచి వచ్చి గున్నమ్మ పక్కన చతికిలబడింది. తన కొంగుముడి విప్పి ఆకూ వక్కా తీసింది. "నములు వొదినా. నమిలి మళ్లీ సెప్పు. నాకింకా రానేదు."

గున్నమ్మ చెప్పింది. "గంగాళం, గుండిగ, డేగిసా, సిబ్బి, చిల్లుల గరిటె." అక్కడ ఆగింది. ఆకు చుట్టి దవడన పెట్టుకుంది. తీరిగ్గా నమిలింది. అందరూ ఎదురుచూశారు. "కత్తిపీట, మూకుడు, బకెట్టు, తెడ్డు."

సన్యాసమ్మ కూడా అక్కడే ఆగి, ఊపిరి పీల్చుకుని, తిరిగి చెప్పింది. ఒక్కటీ పోలేదు. పెళ్లికూతురూ చెప్పింది, ఒక్కటీ పోలేదు. ఆ చిన్న ఆగుడులో నేను ఒక వరసకు చివరిదాన్నయ్యాను, కత్తిపీట ఇంకో వరసకు మొదటిదయింది. మేమెవరం కదల్లేదు, ఎవరికీ చోటు మారలేదు. ఇంత ఖాళీ ఉన్న తలను ఇంత చిన్న మౌనం నింపేసింది!

సన్యాసమ్మ తాళంచెవి తీసి గున్నమ్మ మొలలో తనే దోపింది. "నీ బరువు నువ్వే మొయ్యి. నాను కూకున్న పీటే నాకు గుర్తునేదు." తవిటినాయుడు మీసం సవరించుకుని, వంటవాళ్లను కేకలేయడానికి వెళ్లిపోయాడు.

మర్నాడు నేను మూకుడు మీద ఊగాను. నా చిల్లుల్లోంచి బూందీ బంగారు వానలా రాలింది.

ఇప్పుడు నా చిల్లులు అరిగిపోయాయి. బూందీ గోళీకాయలంత పడుతోందని కొత్త స్టీలు గరిటె తెచ్చారు. నన్ను కొట్టుగదిలో మేకుకు తగిలించారు. అయినా వరసలో నా పేరు తీసెయ్యలేదు. అది ఆగే చోటు కదా.

ఎవరూ లేని వేళ గున్నమ్మ గడపలో కూర్చుంటుంది. "అప్పలసూరి, లచ్చుమమ్మ, పైడయ్య, గున్నమ్మ" అని ఆగుతుంది. తీరిగ్గా ఆకు చుట్టుకుంటుంది. మిగిలిన పేర్లు ఎత్తుకునే ముందు, లోపలి గదివైపు కాకుండా ఎక్కడో పైకి చూసి, "ఉన్నానమ్మా" అంటుంది.