తొమ్మిదో వరస ముగ్గు

ముగ్గు వేసి నడుము ఎత్తేలోపలే కన్నియమ్మకు తొమ్మిదో వరసలో తెల్లదనం కనబడింది. నిన్న తుడిచిన కాడల మీదే మళ్ళీ పిండినల్లి పట్టింది. దూది అంటించినట్టుండే పాడు పురుగు. బియ్యప్పిండి ఉన్న కొబ్బరి చిప్పను గుంజకు తగిలించి, సబ్బునీళ్ళ గుడ్డ అందుకుంది.

తిరుత్తణి దగ్గర సుందరరాజులు ద్రాక్షతోటలో ఆమెది ఇరవైయారేళ్ళ పని. ఆ పండుతోనే ఆ ఇంటివాళ్ళు వైన్ చేసి అమ్ముతారు. ఒకసారి రుచి చూసి, పులిసిన చింతపండు నీళ్ళకు ఇంత ఆర్భాటమా అని పెద్దాయన మొహం మీదే అనేసింది. పొట్టి మనిషి. కత్తెర పట్టీ పట్టీ కుడి బొటనవేలు పక్కకు ఒరిగిపోయింది. తొమ్మిదో వరసను భర్త పోయిన ఏడాది ఆమె ఒక్కతే నాటింది. అందుకే రోజూ ముగ్గు దానికే.

ఇప్పుడు ఆ వరసకే చేటు వచ్చింది. తోట చూసుకునే సింధూర, పెద్దాయన మనవరాలు, మూడేళ్ళుగా మందు కొట్టనివ్వడం లేదు. ఒక్కసారి కొట్టినా సేంద్రియ తోటన్న గుర్తింపు పోతుంది. అందుకే నిన్న తల వంచుకుని చెప్పింది.

"రేపు సాయంత్రానికి తగ్గకపోతే పీకేద్దాం అవ్వా. మిగతా తోటకి పాకితే కష్టం."

మధ్యాహ్నం వరస మొదట్లో కూర్చుని సద్ది తింటుంటే ముగ్గు మీద చీమలు కనబడ్డాయి. రోజూ కనబడేవే. ఈసారి ఎందుకో వాటి బారు వెంట చూపు నడిచింది. పిండి దగ్గర నుంచి తీగ మొదలుకు, అక్కడి నుంచి పైకి, తిన్నగా పిండినల్లి దగ్గరికి. అది కార్చే తీపి జిగురు నాకుతూ, దాని చుట్టూ కాపలా ఉన్నట్టు తిరుగుతున్నాయి. చెప్పకుంటే ఎవరికీ తెలియదు. చెయ్యి కడుక్కుని లేచింది.

"పాపా, ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారే, ఆ దొంగని నేనే. చీమలకి నేను పిండి పెడతా ఉండాను, అవి పురుగుని మేపతా ఉండాయి."

సింధూర గొంతుక్కూర్చుని చీమల బారును పైదాకా చూసింది.

"పురుగుని తింటాయని అక్షింతల పురుగుల్ని తెచ్చి వదిలితే, యాడికి పోతా ఉండాయో అని తల బద్దలు కొట్టుకున్నా అవ్వా! ఈ చీమలే తరిమినాయి. వరస పీకే పన్లేదు. మొదళ్ళకి జిగురు పట్టీలు కడదాం. నువ్వు ముగ్గు మాత్రం నిలిపెయ్."

కన్నియమ్మకు కళ్ళు చెమర్చాయి. అయినా మాట తగ్గలేదు.

"చీమలేం పాపం చేసినాయి? ఆ కంచె కాడ వేస్తాలే."

"సరి, కంచె కాడ వెయ్."

పొద్దు వాలేదాకా ఇద్దరూ నలభై మొదళ్ళకూ పట్టీలు కట్టారు. పోతూ పోతూ కన్నియమ్మ కంచె రాయి దగ్గర కొత్త ముగ్గు వేసి, చీమలు వచ్చేదాకా నిలబడి, "పోయొస్తా పాపా" అని బస్సుకు నడిచింది.

మర్నాడు ఆమె రాలేదు. ఎనిమిదింటికి అల్లుడు శరవణన్ వచ్చాడు. తెల్లారి కాఫీకి లేపితే అత్త లేవలేదని చెప్పాడు.

అతనితో బయలుదేరబోతూ సింధూర తొమ్మిదో వరస వెంట నడిచింది. పట్టీల కింద చీమలు దారి దొరక్క వెనక్కి మళ్ళుతున్నాయి. ఒక కాడ మీద ఎర్రటి అక్షింతల పురుగు పిండినల్లిని తీరిగ్గా మేస్తోంది. ఈ సంగతి చెప్పడానికి అవ్వ లేదు. సింధూర అక్కడే నిలబడి ఏడ్చింది.

కంచె దగ్గర ముగ్గు సగం చెరిగిపోయింది. పక్కన రాయి మీద కొబ్బరి చిప్ప, అడుగున ఇంకో ముగ్గుకు సరిపడా పిండి.