పిలిచినా లేవకు

ఆయా పెద్దావిడను ఎడమవైపుకి ఒత్తిగిలించి వీపుకు పౌడరు అద్దుతోంది. పెద్దావిడ మెడలోని గొలుసు తడుముకుంటోంది.

"కొక్కెం వదులైంది. నువ్వే లాగుంటావు."

"లాగేదాన్నయితే కొక్కెం మాత్రం ఎందుకు వదిలేస్తానమ్మా?"

ఈ సరసం రోజూ ఉండేదే. ఆ మాటకొస్తే ఆయాకూ ఎవరి మీదా నమ్మకం లేదు. మొగుడు వదిలేసి పోయిన దగ్గర్నుంచి మంచాన పడ్డవాళ్లకు చేస్తూనే బతికింది. ఒక ఇంట్లో గాజు కనబడలేదని చీర దులిపించారు. ఇంకో ఇంట్లో చెప్పాపెట్టకుండా తాళం మార్చేశారు. నడుము వంగింది, వేళ్లు నీళ్లలో నాని ముడతలు పడ్డాయి. నవ్వుతూ మాట్లాడే యజమానులంటే మరీ భయం.

భోజనాలయ్యాక కోడలు నవ్వుతూనే వచ్చింది.

"పనివాళ్లకి ప్రభుత్వం కొత్త రూలు తెచ్చింది. మధ్యాహ్నం నీకు విశ్రాంతి ఇవ్వాలట. అప్పుడు పని చేయిస్తే అదనపు జీతం ఇవ్వాలి, ఇంకో మనిషిని పెట్టుకున్నంత ఖర్చు. అంత మావల్ల కాదు, అత్తయ్యని వృద్ధాశ్రమంలో చేర్చేయాల్సిందే. వెళ్లి పక్కగదిలో పడుకో. ఆవిడ పిలిచినా లేవకు, నేను చూసుకుంటాలే."

పక్కగది గోడకు కొత్త కెమెరా కూడా పెట్టారు. పనివాళ్ల మేలు కోరే రూలే కావచ్చు. కానీ తన మేలు ఈ ఇంట్లో ఇంత హఠాత్తుగా ఎవరికి గుర్తొచ్చింది? ఆయా నడుం వాల్చింది గాని చెవులు తలుపు దగ్గరే ఉన్నాయి.

"ఏమేవ్! ఇటు రా!"

పెద్దావిడ గొంతే. కోడలి అడుగుల చప్పుడు లేదు. ఆయా లేచి కూర్చుంది. కెమెరాలో ఎర్ర దీపం వెలుగుతోంది. ఇది తనను పట్టుకోవడానికే, కోడలే పిలిపిస్తోంది, లేస్తే పని ఊడుతుంది అనుకుంది.

"ఒకసారి రావే, తల్లీ."

ఇన్నేళ్లలో ఆవిడ ఏనాడూ తల్లీ అనలేదు. దాంతో అనుమానం మరీ గట్టిపడింది. ఆయా గోడవైపు తిరిగి పడుకుంది.

కోడలు మేడ మీద ఫోనులోనే ఉండిపోయింది. విశ్రాంతి వేళ అయిపోయాక ఆయా వెళ్లేసరికి పెద్దావిడ తల పక్కకు వాలి ఉంది. ఊపిరి లేదు, ఒళ్లు మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది. ఆయాకు ఏడుపు తన్నుకొచ్చింది.

"వచ్చానమ్మా," అంది.

మంచం మీద కమలాపండు తొక్కలు పడి ఉన్నాయి. సగం పండు ఆవిడ తినేసింది. మిగతా సగం, గింజలన్నీ తీసేసి, మంచం పక్కన ఆయా కూర్చునే స్టూలు మీద రుమాలు పరిచి పెట్టి ఉంది.