తాబేళ్లకు అలవాటయ్యేదాక

“మిక్సీ వెయ్యకు, అవి బెదురుతయి” అన్నడు శ్రీధర్.

వేయించిన పల్లీలు, ఎండుమిరపకాయలు జార్ల పోసి మూత పెట్టిన నేను అట్లనే ఆగిన. అవి అంటే తాబేళ్లు. పొద్దుగాలనే వాళ్ల ఆఫీసు పెద్దసారు ఇంటికి పోయి అట్టపెట్టెల పెట్టుకొని తెచ్చిండు. సారుకు వేరే జిల్లాకు బదిలీ అయ్యింది. వాటిని అంతదూరం మోసుకపోవుడు ఆయన భార్యకు ఇష్టం లేదట. “ఎవరికి పడితే వాళ్లకు ఇస్తరా ఇట్లాంటివి? ఆఫీసుల ఇంతమంది ఉండంగ నన్ను నమ్మి ఇచ్చిండు” అనుకుంట పెట్టెను సోఫా మీద దించిండు. రెండున్నయి. నల్లటి చిప్ప మీద పసుపుపచ్చ గీతలు, ఒక్కొక్క గడిల నడిమి నుంచి చుట్టూ ముగ్గు గీసినట్టు. ఒకటి నా అరచెయ్యంత, ఇంకోటి దానికన్న కొంచెం పెద్దది. రెండూ తలలు లోపటికి గుంజుకొని రాళ్ల లెక్క పడున్నయి.

ఆ దినం చట్నీ పెరట్ల రోట్ల నూరిన.

తినేటప్పుడు శ్రీధర్ ఫోన్ల వీడియోలు చూసుకుంట మాకు చెప్పిండు. “కొత్త ఇంటికి వస్తే వీటికి మస్తు టెన్షన్ ఉంటదట. దాక్కోనీకి ఒక మూల ఉండాలె. ఊకె ముట్టుకోవద్దు. కొన్ని దినాలు ఏం తినవు. తినకపోయినా బలవంతం చెయ్యొద్దు. ఈ ఇల్లు మనదే అని వాటికి అనిపించేదాక మనమే ఓపిక పట్టాలె.” మా అత్తమ్మ ప్రమీలమ్మ “పాపం, నోరులేని జీవాలు” అని చెంపలేసుకున్నది.

నేను సాంబారు పోస్తున్న. గంటె చేతులనే ఉన్నది. శ్రీధర్ గొంతు అంత మెత్తగ ఉంటదని పెండ్లయి ఇన్నేండ్లల్ల నాకు తెలువలే. నేను రుద్రూర్ నుంచి ఈ ఇంటికి కొత్తగ వచ్చిన దినాలు యాదికొచ్చినయి. ఇంకా చేతుల మెహందీ పోలేదు, తెల్లారకముందే అత్తమ్మ తలుపు కొట్టి “మా ఇంట్ల గింతసేపు పండుకోరు” అన్నది. కొత్త చోట ముద్ద గొంతు దిగక పళ్లెం జరిపితే “అవ్వగారింటి కూరలే రుచా?” అని అడిగింది, శ్రీధర్ నవ్విండు. స్నానాల గదిల నల్లా ఇప్పి ఏడుస్తుంటే బయట నుంచి “నీళ్లు ఊకె పోతున్నయి” అన్నడు. దాక్కోనీకి ఒక మూల ఉండాలె అన్న ముచ్చట అప్పుడు ఎవ్వరికి తెలువదు. అది అడిగి తీసుకోవచ్చని నేను కూడ అనుకోలే. ఇంకొంచెం అన్నం పెట్టమన్నడు శ్రీధర్. పెట్టిన.

తాబేళ్లకు తూర్పు దిక్కు గది అని తినుడు అయిపోకముందే తేల్చిండు. ఆ గది మా బిడ్డ శృతిది. అది ఇంటర్ చదువనీకి హైదరాబాద్ హాస్టల్‌కు పోయినంక ఆ గదిల నేను ట్యూషన్ పెట్టుకున్న. బోధన్‌ల డిగ్రీ చదివినప్పుడు నాకు లెక్కలంటే పానం. పెండ్లితోని అదంతా అటకెక్కింది. శృతి పోయినంక ఇల్లు బోసిపోయింది. ఒక దినం మా గల్లీల బీడీలు చేసే చంద్రవ్వ బిడ్డ సంజన పదో తరగతి పుస్తకం పట్టుకొని గేటు కాడ నిలబడ్డది. ఆ పిల్ల వెంట ఇంకొందరు వచ్చిన్రు. అందరూ బీడీలు చేసేటోళ్ల బిడ్డలే. బడి నుంచి వచ్చి తల్లుల పక్కన కూసొని ఆకు కత్తిరించి, దారం చుట్టి, అటెంక నా దగ్గరికి వస్తరు. వాళ్ల నోటుబుక్కు ముట్టుకుంటే బీడీలు చుట్టే తునికాకు వాసన. వాళ్లు “మేడం” అని పిలుస్తరు. ఆ పిలుపు కోసం నేను మధ్యాహ్నం నుంచే ఎదురుచూసేదాన్ని.

“సాయంత్రం పిల్లలు వస్తరు కదా ఆ గదికి” అన్న.

“పొద్దటెండ ఆ గదిల్నే వస్తది. ఎండ లేకపోతే వీటి చిప్ప మెత్తవడ్తదట. పిల్లల లొల్లికి తల బయట పెట్టవు. కొన్ని దినాలు బంద్ పెట్టు. నువ్వేమన్న కాలేజీ నడుపుతున్నవా? టైంపాస్‌కు చెప్పే లెక్కలే కదా.”

టైంపాస్ అన్న మాటను వెంటనే మరిచిపోయిండు ఆయన. నేను ఆ మాటను మోసుకుంటనే గదిల నుంచి బోర్డు తీసిన, చాపలు చుట్టిన. మట్టి, కొబ్బరిపీచు కలిపి నేల మీద మందంగ పర్వాలె అన్నడు. మట్టి జల్లెడ పట్టింది నేను, పీచు నానబెట్టి పిండింది నేను. చుట్టూ ఇటుకలు పేర్చి, పాత కుండను అడ్డంగ పండబెట్టి గుహ లెక్క చేసిన. పొద్దున లేవంగనే పళ్లెంల గోరువెచ్చటి నీళ్లు పోసి వాటిని కాసేపు కూసోబెట్టాలె. పెంట ఏరాలె, తడిసిన మట్టి మార్చాలె, తోటకూర కడిగి తరగాలె, మందారం ఆకులు తెంపాలె. శ్రీధర్ సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి బూట్లు ఇప్పి, ఒకటి రెండు ఫోటోలు తీసి స్టేటస్ పెడ్తడు: మా ఇంట్ల కొత్త సభ్యులు. ఆ ఫోటోలల్ల నా చెయ్యి పడితే ఆ ముక్క కత్తిరిస్తడు.

శృతి ఫోన్ చేసింది. “అమ్మా, డాడీ ఎంత మంచిగ చూసుకుంటుండు వాటిని! నాకు జ్వరమొచ్చినప్పుడు కూడ ఇట్ల చూడలే” అని నవ్వింది. నేను కూడ నవ్విన. ఏం చెప్పాలె పిల్లకు.

కొన్ని దినాలు అవి నిజంగనే ఏం తినలే. కుండల నుంచి బయటకు రాలే. నేను మట్టి మార్చుకుంట చప్పుడు కాకుంట కూసునేదాన్ని. ఒక పొద్దున పెద్దది మెడ చాపి చూసింది. ముడుతలు పడ్డ మెడ, నల్లపూసల్లాంటి కండ్లు. మెల్లగ నడిచొచ్చి నా వేళ్ల సందుల ఉన్న మందారం పువ్వు రేకను కొరికింది. ఒళ్లు జల్లుమన్నది నాకు. వెంటనే కోపం కూడ వచ్చింది. నా గదిని మింగిన వాటి మీద నాకు ప్రేమ పుట్టుడేంది? ఈ ఇంట్ల నాకు పడ్డ ప్రతి పనిని ఏదో ఒక దినం నేనే ప్రేమించుడు మొదలుపెడ్త. అటెంక అది పని అని ఎవ్వరికి కనబడదు, నాకు కూడ.

తాబేళ్లు తింటున్నయి, ఎండల తిరుగుతున్నయి, ఇగ పిల్లలను రమ్మంట అని శ్రీధర్‌ను అడిగిన. “ఇప్పుడిప్పుడే అలవాటైతున్నయి, మళ్ల పరేషాన్ చేసుడెందుకు?” అన్నడు. తెల్లారి నేను కూరగాయలు కొనుక్కొని వస్తుంటే చంద్రవ్వ గేటు కాడ నిలబడి ఉన్నది. “పిల్ల లెక్కలల్ల తప్పుతదేమో అని బుగులైతుంది మేడం. ఎప్పటిసంది రమ్మంటరు?” అని అడిగింది. తాబేళ్ల ముచ్చట చెప్పిన. ఆమె నా దిక్కు చూసింది. “తాబేళ్ల కోసం బంద్ పెట్టిన్రా మేడం?” అన్నది. ఎక్కిరింపు లేదు ఆ మాటల. నిజంగనే ఆశ్చర్యం. లోపటికి వచ్చి కూరగాయల సంచి పడేసి చానసేపు పొయ్యి ముందట నిలబడ్డ. పొయ్యి మీద ఏం లేదు.

లొల్లి చెయ్యొద్దన్నది పిల్లలకు, నాకు, మిక్సీకే. ఆదివారం శ్రీధర్ దోస్తులు కుటుంబాలతోని వస్తే తాబేళ్లను హాల్లకు తెచ్చి చల్లటి బండల మీద ఇడిచిండు. ఏసీ నడుస్తున్నది, టీవీల క్రికెట్ మోగుతున్నది. వాళ్ల పిల్లలు వాటిని వెల్లకిల తిప్పి నవ్విన్రు. నేను చాయ్ కప్పులు పట్టుకొని “సలికి ఆగలేవు, లోపట పెడ్త” అంటే “రెండు నిమిషాలకు ఏం కాదు, నువ్వు పకోడీలు చూడు” అన్నడు. ప్రతి శనివారం అత్తమ్మ స్నానం చేసి వచ్చి, దేవుని రూపమని వాటి మీద చెంబుతోని నీళ్లు పోసి, పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకుంటది. “వానాకాలం, వద్దు అత్తమ్మా” అంటే “దేవునికి నీళ్లు పొయ్యొద్దని చెప్పేటంత పెద్దదానివైనవా?” అన్నది.

చిన్నదానికి ముక్కుల నుంచి బుడగలు వచ్చినయి. నోరు తెరిచి గాలి పీలుస్తుంటే సన్నగ ఈల చప్పుడు. కండ్లు తెరవలే. శ్రీధర్ చూసి “ఇంట్ల ఉండి ఏం చేస్తున్నవ్? రెండు జీవాలను చూసుకునుడు రాదా? సారు ఫోన్ చేసి అడిగితే నేనేం చెప్పాలె?” అని బండి తీసుకొని ఆఫీసుకు పోయిండు. రెండింటినీ బుట్టల పెట్టి, పాత చీర కప్పి, ఆటో మాట్లాడుకొని పశువుల దవాఖానకు పోయిన.

డాక్టర్ చిన్న వయసాయన. ఓపికగ చూసిండు, సూది వేసిండు. అటెంక బుట్ట మీద చీర తనే కప్పి “సార్ రాలేదా?” అన్నడు.

“లేదు. ఏమన్న ఉంటే నాకే చెప్పుండ్రి, చూసుకునేది నేనే.”

“ఇవి నక్షత్ర తాబేళ్లమ్మా. అడవి జీవాలు. ఇంట్ల పెంచుడు చట్టం ప్రకారం నేరం, జైలు కూడ పడొచ్చు. మందు ఇస్త. అయితే ఆలస్యం చెయ్యకుండ ఫారెస్టోళ్లకు అప్పజెప్పుండ్రి” అన్నడు. మందు ఎట్ల పొయ్యాల్నో చెప్పి, గేటు దాక వచ్చి “సార్‌కు కూడ ఒకసారి చెప్పుండ్రి” అని మళ్ల అన్నడు.

సాయంత్రం మా ఇంటి సార్‌కు చెప్పిన. శ్రీధర్ మొఖం పాలిపోయింది. ముందుగాల తూర్పు గది కిటికీలు మూసిండు. స్టేటస్‌లు, ఫోటోలు తీసేసిండు. పెరట్లకు పోయి చానసేపు పెద్దసారుతోని ఫోన్ మాట్లాడిండు. లోపటికి వచ్చి నాకోసం కుర్చీ జరిపిండు. “సౌందర్యా, కూసో” అన్నడు. తాబేళ్లు వచ్చిన దినం విన్న ఆ మెత్తటి గొంతే. ఇన్నేండ్లకు నా దాక వచ్చింది. నాకు భయమైంది.

“సారు పేరు బయటకు రావద్దు. నా పేరు అసలే రావద్దు, నౌకరి పోతది. ఆదివారం నవీపేట్ దిక్కు పోయి గోదావరిల ఇడిసి వద్దాం. ఈ లోపల ఎవరన్న వచ్చి అడిగితే నేనే తెచ్చుకున్న అని చెప్పు. రుద్రూర్‌ల మా అవ్వగారి చెరుకు తోటల దొరికినయి, తెలువక సాకిన అను. ఆడోళ్లను ఏమనరు. బెదిరించి ఇడిసిపెడ్తరు.”

“ఇవి నేల తాబేళ్లు. ఈత రాదు. నీళ్లల్ల ఇడిస్తే మునిగి చస్తయి” అన్న.

“తాబేలు నీళ్లల్ల మునుగుతదా?” అని నవ్విండు.

అన్ని వీడియోలు చూసిండు కదా. అందుల ఇది లేదనుకుంట. అత్తమ్మ నా పక్కకు వచ్చి కూసున్నది. నా మోకాలి మీద చెయ్యి పెట్టింది. “ఇంటి మొగోని పేరు బజార్ల వడొద్దు బిడ్డా. వాడు చెప్పినట్టు అను. నీకేమున్నది పోనీకి?” అన్నది.

కోపంతోని అనలే. ఇన్నేండ్లల్ల నన్ను బిడ్డా అన్నది చాన తక్కువ సార్లు, అండ్ల ఇదొకటి. ఆమె నిజంగనే అట్ల అనుకుంటుంది, నాకు పోయేది ఏం లేదని. పోనీకి ఏదన్న ఉండాలంటే ముందు నా పేరు మీద ఏదన్న ఉండాలె. ఇల్లు శ్రీధర్‌ది, పరువు శ్రీధర్‌ది, స్టేటస్‌ల తాబేళ్లు శ్రీధర్‌వి. జల్లెడ పట్టిన మట్టి, ఏరిన పెంట, పిండిన పీచు నావి. ఇప్పుడు నేరం కూడ నాదట. ఇంట్ల కడిగి పారబొయ్యాల్సిందల్లా నా చేతికే వస్తది. పోలీసు బండి గల్లీలకు వస్తే చంద్రవ్వ ముందట, సంజన ముందట నేను దొంగనైత. అది పోయేదాంట్ల లెక్కకు రాదు వీళ్లకు. నా మౌనాన్ని శ్రీధర్ ఎప్పటిలాగనే ఒప్పుకున్నట్టు తీసుకున్నడు. భుజం తట్టి “సారుకు చెప్త, ఫికర్ చెయ్యొద్దని” అని ఫోన్ పట్టుకొని మళ్ల పెరట్లకు పోయిండు.

తెల్లారి ఆయన ఆఫీసుకు పోయినంక చిన్నదానికి మందు పోసిన. నోరు తెరువనీకి సతాయించింది, తెరిచినంక నా వేలును మెల్లగ కొరికింది. రెండింటిని బుట్టల సర్దిన. పెద్దది నా చీర కొంగు దిక్కు మెడ చాపి చూస్తనే ఉన్నది. ఇడిసిపెట్టబోతున్నది నేనే అని దానికి తెలువదు. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. తుడుచుకొని చెప్పులేసుకున్న.

“ఎటు?” అన్నది అత్తమ్మ.

“ఫారెస్ట్ ఆఫీసుకు.”

“శ్రీధర్‌కు చెప్పినవా?”

“సాయంత్రం చెప్త” అన్న. నేను గేటు దాటకముందే ఆమె ఫోన్ తీసుడు కనబడ్డది.

ఫారెస్ట్ ఆఫీసుల రవీందర్ అని ఒకాయన నన్ను కూసోమన్నడు. నడి వయసు, మంచి మనిషి లెక్క ఉన్నడు. బుట్టల చూసి “చిన్నదానికి పానం బాగలేదు కదా” అన్నడు. డాక్టర్ ఇచ్చిన మందు సీసా, ఎట్ల పొయ్యాల్నో చెప్పి ఆయన చేతికి ఇచ్చిన. ఆయన తలూపి కాగితం ముందటేసుకున్నడు. “మీ అంతట మీరే తెచ్చిన్రు, మంచి పని చేసిన్రు. ఎక్కడన్న పొలంల దొరికినయా అమ్మా? చెరుకు తోటల దొరికినయని చానమంది తెస్తరు. అట్లనే రాస్త” అన్నడు.

శ్రీధర్ చెప్పిన అబద్ధమే. ఈయన దయతోని నా ముందట పెడ్తుండు. తలూపితే చాలు. నా చేతుల ఫోన్ మోగింది, శ్రీధర్ పేరు. ఆగింది, మళ్ల మోగింది. చప్పుడు బంద్ చేసి టేబుల్ మీద బోర్ల పెట్టిన.

“దొరకలే సార్. మా ఆయన శ్రీధర్ తెచ్చిండు, వాళ్ల ఆఫీసు పెద్దసారు ఇంటి నుంచి. సాకింది నేను. ఎవరు చేసింది వాళ్ల పేరు మీద రాయుండ్రి.”

రవీందర్ పెన్ను పక్కకు పెట్టిండు. “ఆలోచించి చెప్తున్నరా అమ్మా? ఆయన నౌకరికి ఇబ్బంది అయితది. మళ్ల మీరు అదే ఇంటికి పోవాలె కదా.”

నిజమే. ఫోన్ టేబుల్ మీద వణుకుతనే ఉన్నది.

“పోత సార్” అన్న. “పోయి, మీకు చెప్పిన మాటనే ఆయనకు చెప్త. మీరు రాయుండ్రి.”