చిటికెన వేలంత సిరా

మా పెళ్ళికి నాన్న ఒప్పుకోలేదు. ఒప్పుకోనని కూడా అనలేదు. కిటికీ వైపు తిరిగి, గొంతు సవరించుకుని, "నా పెన్ను మళ్ళీ రాసిన రోజున సాక్షి సంతకం పెడతా" అన్నాడు. ఆకాశం నేలకు దిగిన రోజున పెడతానన్నా నాకు అంత దిగులు కలిగేది కాదు.

చట్టానికి ఆయన సంతకం అక్కర్లేదు. సాక్షి కావాలంటే ఆస్పత్రిలో నా తోటి నర్సులంతా బారులు తీరి ఉన్నారు. కావలసింది నాకు. సోమవారం పొద్దున రిజిస్ట్రారు ఆఫీసులో అందజేయవలసిన పెళ్ళి దరఖాస్తులో మొదటి సాక్షి గడిని ఖాళీగా ఉంచి, ఆ కాగితాన్ని బీరువాలో దాచుకుని, ఇల్లంతా పిల్లిలా తిరుగుతున్నాను.

నాన్న అభ్యంతరం అబ్బాయి మీద కాదు, అబ్బాయి రాత మీద. అతను బేకరీలో కేకుల మీద పేర్లు రాస్తాడు. గులాబిరంగు క్రీముతో, ఊపిరి బిగబట్టి, మెలికలు మెలికలుగా రాస్తాడు. దస్తావేజుల కార్యాలయంలో ఉద్యోగమంతా నకళ్ళు రాసిన మా నాన్న కంటికి అది రాతగా ఆనలేదు. తను రాసింది వందేళ్ళుంటుందనీ, అతను రాసింది సాయంత్రానికల్లా తినేస్తారనీ అత్త దగ్గర వాపోయాడట. అత్త నాన్నకు అక్క, మాతోనే ఉంటుంది. విన్నది విన్నట్టు నాకు చేరవెయ్యడం ఆవిడకు ఊపిరి తీసుకోవడంతో సమానం. అతనికి క్రీమబ్బాయి అని పేరు పెట్టిందీ ఆవిడే.

ఆ కలం ఎబొనైటు అనే నల్లటి గట్టి రబ్బరుది, పాళీ బంగారపు పూతది. పక్కన చిన్న మీట ఉంటుంది. మీట ఎత్తితే లోపలి రబ్బరు తిత్తి నొక్కుకుంటుంది, దించితే సిరా పీల్చుకుంటుంది. పీల్చుకోవడం ఏనాటి మాటో. తిత్తి ఎండి, పెళుసెక్కి, ముక్కలై, ఇప్పుడు కలం ఊపితే గిలక్కాయలా మోగుతోంది. బజారులో పెన్నులు బాగుచేసే ఆయన చెప్పిన ధర విని, మేము చూసుకున్న గదికి నెల అద్దె అంతే కదా అనుకుని, ఆయనకో దండం పెట్టి వచ్చేశాను.

శనివారం డ్రెస్సింగు గదిలో చేతికి రబ్బరు తొడుగు లాక్కుంటూ ఆగిపోయాను. చిటికెన వేలి తొడుగు. పల్చటి రబ్బరు, ఒక కొస మూసి ఉంది, ఒక కొస తెరిచి ఉంది. తిత్తి కాక మరేమిటిది? నాలో నేను నవ్వుకుంటూ ఉంటే, కట్టు కట్టించుకుంటున్న పెద్దాయన తన పుండు అంత ముచ్చటగా ఉందా అని అడిగాడు. ఇంటికి వస్తూ మందుల దుకాణంలో ఒక జత తొడుగులు కొన్నాను. చిల్లరతోనే పని జరిగిపోయింది.

ఆదివారం మధ్యాహ్నం క్రీమబ్బాయి వచ్చాడు. బల్ల మీద పరచడానికి ఖాళీ కేకు పెట్టె మూత తెచ్చాడు, తెల్లటి అట్ట. అత్త తలలోని పిన్ను తీసి పనిముట్లలో చేర్చింది. నాన్న మూల కుర్చీలో వార్తాపత్రిక వెనక్కి వెళ్ళిపోయాడు. ఎంతసేపైనా పేజీ మాత్రం తిరగలేదు.

పాళీ ఉన్న భాగం గొట్టానికి అతుక్కుపోయి ఊడి రాలేదు. క్రీమబ్బాయి వేణ్ణీళ్ళ గిన్నె దగ్గరికి లాక్కుని కలం ముంచబోయాడు.

"ముంచితే నలుపు పోయి గోధుమరంగు తేలుతుంది" అంది పత్రిక.

మరి ఏం చెయ్యమని పత్రికగారి సెలవు, అని అత్త అడిగింది. బల్బు దగ్గర మెల్లగా తిప్పుతూ వెచ్చబెట్టమంది పత్రిక. తిప్పాడు. అంత దగ్గర వద్దంది. దూరం జరిపాడు. అంత దూరమైతే రేపటికీ కాదంది. కాసేపటికి క్రీమబ్బాయి జేబులోంచి పట్టకారు తీశాడు. పత్రిక కింద పడింది.

కుర్చీ ఎప్పుడు కదిలిందో, నాన్న ఎప్పుడు లేచాడో, నేను చూడలేదు. కలం ఆయన చేతిలో ఉంది. ఒక రబ్బరు ముక్క చుట్టి, చంటిపిల్లాడి చెవి మెలిపెట్టినంత సుతారంగా తిప్పాడు. చిన్న టిక్కు. ఊడింది. లోపలి నుంచి మాడిన రొట్టె పొడిలాంటిది రాలింది. అత్త ఇచ్చిన పిన్నుతో గోకుతూ నాన్న ఈల వేశాడు. ఆయనకు ఈల వచ్చని ఆ రోజు దాకా నాకు తెలియదు.

తొడుగులో ఏ వేలు కత్తిరించాలన్న ప్రశ్న వచ్చింది. నేను చిటికెన వేలన్నాను. నాన్న బొటనవేలన్నాడు. ఎక్కువ సిరా పడుతుందట, మాటిమాటికీ నింపే పని ఉండదట. బొటనవేలే కత్తిరించి, పౌడరు అద్ది, కుక్కి, సిరా నింపి, ఎంత పట్టిందో చూద్దామని మీట ఎత్తాడు. మడతలు పడి బిగుసుకున్న తిత్తి ఒక్కసారిగా కక్కింది. అత్త ముక్కు మీద నీలంరంగు బొట్టు, గడ్డం మీద ఇంకొకటి.

అత్త మమ్మల్ని వరసగా చూసింది. "నిశ్చితార్థానికి నన్నే ముందు అలంకరించారన్నమాట" అంది.

నాకు నవ్వాగలేదు. నవ్వితే నాన్నకు కోపమొస్తుందేమోనని నోట్లో కొంగు కుక్కుకున్నాను. అప్పుడు క్రీమబ్బాయి నసుగుతూ, నాన్న వైపు చూడకుండా చెప్పాడు. "క్రీము సంచీ కూడా ఇంతేనండి. నిండా కూరితే చేతి మాట వినదు. కొంచెం ఖాళీ ఉంచితేనే రాత లొంగుతుందండి."

నాన్న అతని వైపు తిరిగాడు. పక్క బల్ల దగ్గర పనిచేసే ఉద్యోగిని చూసినట్టు చూశాడు.

"రాత లొంగుతుందా" అన్నాడు. తరువాత, "ఆ చిటికెన వేలు ఇటియ్యి" అన్నాడు.

దాన్ని పాళీ భాగానికి దారంతో బిగించి, నా గోళ్ళరంగు పూసి అతికించారు. ఒకరు పట్టుకుంటే ఒకరు చుట్టారు. ముడి ఎక్కడ వెయ్యాలన్న దాని మీద ఇద్దరూ వాదించుకున్నారు, ఎర్రరంగు ఆరేదాకా వాదించుకున్నారు. ఈసారి తిత్తి గొట్టంలోకి హాయిగా జారింది. సిరా పీల్చుకుంది. కానీ పాళీ అట్టను గీకిందే తప్ప తడపలేదు. నాన్న అలవాటుగా పాళీని నాలుకకు అద్దాడు. ఇంకోసారి అద్దాడు. నోరు తెరిచి ఏదో అనబోయేసరికి నాలుక నేరేడుపండు తిన్నవాడిలా ఉంది. అత్త పగలబడి నవ్వింది. క్రీమబ్బాయి గోడ వైపు తిరిగి నవ్వాడు.

నాన్న కలం పట్టుకుని అట్ట మీదికి వంగాడు. వంగి, ఆగాడు.

అప్పుడు గుర్తొచ్చినట్టుంది ఆయనకు. రాస్తే సంతకం పెట్టాలి.

నవ్వులు ఆగిపోయాయి. నాన్న చెయ్యి గాలిలో ఉంది. దించడు, తియ్యడు. పాళీ కొసన ఒక చుక్క ఊరింది. ఊరి, ఉబ్బి, వేలాడింది. కింద ఇంకా సిరా మరక పడని తెల్లటి అట్ట. ఉద్యోగమంతటిలో ఒక్క కాగితం మీద మరక పడనివ్వని మనిషి ఆయన. చుక్క రాలబోయింది. రాలేలోగా పాళీని ఆనించి, దాన్ని గీతగా లాగేశాడు. గీత వంపు తిరిగింది. వంపు ఇంటిపేరులో మొదటి అక్షరమైంది. అక్షరం మధ్యలో ఆగడం ఆయనకు చేతకాదు. సంతకం పూర్తయి, కింద రెండు గీతలు కూడా పడ్డాయి.

"రాసిందిగా తమ్ముడూ" అంది అత్త, చాలా మెత్తగా.

"ఒకసారి రాస్తే రాసినట్టా?" అన్నాడు నాన్న. మళ్ళీ పెట్టాడు. పక్కన పెట్టాడు, అడ్డంగా పెట్టాడు, అట్ట అంచు వెంబడి పెట్టుకుంటూ పోయాడు. చోటు చాలక పత్రిక మీద పెట్టాడు. నీలంరంగు నాలుక కొసను పళ్ళ మధ్య పెట్టుకుని, బడికి సెలవిచ్చిన పిల్లాడిలా ఇల్లంతా వెతికి, పౌడరు డబ్బా మూత మీద కూడా పెట్టాడు. పెట్టిన ప్రతిదాన్నీ క్రీమబ్బాయికి చూపించాడు. అతను ప్రతిదానికీ కొత్తగా ఆశ్చర్యపోయాడు. చివరికి నాన్న కలాన్ని వెలుగుకు ఎత్తి చూసి, నా వైపు తిరిగాడు.

"ఏదే ఆ కాగితం? పట్రా. ఇది చిటికెన వేలంత తిత్తి, అయిపోయాక నన్ననకు."

పరిగెత్తాను. బీరువా తలుపు నా మోకాలికి తగిలింది, దానికి నొప్పి పుట్టి ఉంటుంది, నాకు తెలియలేదు. కాగితం పరిచాను. అట్ట మీది సంతకాలన్నీ పరుగులు, ఇది నడక. ఒక్కో అక్షరం దగ్గర నిలబడుతూ, వెనక్కి చూసుకుంటూ, మొదటి సాక్షి గడిలోకి నాన్న నడిచి వచ్చాడు.

సంతకం తడిగా మెరుస్తోంది. నేను అందుకోబోతే క్రీమబ్బాయి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆరనివ్వండి మావయ్యగారూ" అన్నాడు కంగారులో, అందుకోబోయింది నేనైనా ఆయన్నే చూస్తూ.

ఆ పిలుపుకు నాన్న తలెత్తాడు.

"ఆరనివ్వండి అంటే ఆరుతుందా?" అన్నాడు నాన్న. "చూస్తావేం, ఊదు."

అతను ఊదాడు. నేను ఊదాను. అత్త నీలంబొట్టు ముక్కుతో వంగింది, నాన్న కళ్ళద్దాలు పైకి తోసుకుని వంగాడు. నలుగురి తలలూ కాగితం మీద ఢీకొన్నాయి. ఊదడం మానేసి నవ్వడం మొదలుపెడితే, ఆ నవ్వుల గాలికే ఆరిపోయింది.